చివరి తొమ్మిది బుట్టలు

మ్యూజియం మేడమ్ చేతులకి పల్చటి తెల్ల గుడ్డ తొడుగులు వేసుకుని బుట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తోంది. ముందు అడుగు తిరగేసి చూస్తుంది. తరవాత అంచు మీద బొటనవేలు ఆనించి బుట్టని ఒక చుట్టు తిప్పుతుంది. చివరికి కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, అల్లికలోంచి వెలుగు ఎంత సమంగా వస్తోందో చూస్తుంది. అంతా అయ్యాక తల ఊపి, ఎడమ పక్క పరిచిన దుప్పటి మీద పదిలంగా పెడుతుంది.

"ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. ఇలాంటి చెయ్యి చూడలేదండీ," అంది.

కుర్చీలో కూర్చున్న కొడుకు ఆ మాట తనకే అన్నట్టు వెన్ను నిటారుగా పెట్టాడు. పక్క వీధిలోంచి వచ్చిన ఆయన అక్క ముక్కు చీది, "మా అమ్మ అంతేనండీ. చేతిలో బెత్తం లేకపోతే అన్నం కూడా సయించేది కాదు," అంది.

ముసలావిడ పోయి రెండు నెలలైంది. ఊళ్లో అందరూ ఆవిడని బుట్టలమ్మ అనేవారు. అల్లిక ఆవిడకి బతుకుతెరువు కాదు. పొలం ఉంది, కొడుకుకి పిండిమర ఉంది. బుట్ట అమ్మమని వచ్చినవాళ్లని గుమ్మంలోంచే తిప్పి పంపేసేది. అల్లినవన్నీ వెనకగదిలో అరల మీద పేర్చుకుని, రోజూ పొద్దున్నే ఒకసారి చూసుకునేది. పట్నంలో ఫొటో స్టూడియోలో పనిచేసే మనవరాలు ఆ అరలని ఫొటోలు తీసి మ్యూజియానికి పంపింది. వాళ్లు ఆవిడ పేరుతో ఒక గది పెడతామన్నారు. ఆ గదికి బుట్టలు ఏరడానికే ఇవాళ మేడమ్ వచ్చింది.

కోడలు గోడవారగా నిలబడి, అరల మీంచి బుట్టలు దించి అందిస్తోంది. యాభై రెండేళ్ల మనిషి. నిలబడ్డప్పుడు రెండు చేతులూ ఒకదానిలో ఒకటి దాచుకునే అలవాటు.

పై అరల్లోవి ముప్ఫై రెండూ అయిపోయాయి. కింది అరలోవి వచ్చాయి. మొదటిదాన్ని ఎత్తగానే మేడమ్ చెయ్యి ఆగింది. తిరగేసింది. అంచు మీద వేలు తిప్పబోతే మధ్యలో తట్టుకుంది. కిటికీకేసి ఎత్తి పట్టుకుంటే వెలుగు ఒకచోట ధారగా, ఒకచోట చుక్కగా పడింది.

"ఇవి ఎప్పటివి?"

"చివరి ఏడేళ్లవి," అన్నాడు కొడుకు. గొంతు సవరించుకుని, "తొమ్మిదే. అప్పటికి పెద్దదైపోయింది కదండీ," అన్నాడు.

మేడమ్ ఆ తొమ్మిదీ చూసింది. ఎక్కువసేపు చూడలేదు. కుడి పక్కకి, నేల మీదికి జరిపింది.

"పాపం, చెయ్యి పడిపోయింది. బెత్తం ఎక్కడ పడితే అక్కడ చిట్లింది చూడండి. లాగకూడని చోట లాగేసింది, లాగాల్సిన చోట వదిలేసింది. ఆ ముప్ఫై రెండూ అల్లిన మనిషి ఇవి అల్లిందంటే మనసు ఒప్పుకోదు. ఇవి వద్దులెండి. ఇంట్లో వాడుకోండి, ఉల్లిపాయలు పోసుకోవడానికి బాగుంటాయి."

కొడుకు పెద్దగా నవ్వాడు. అవసరమైనదానికన్నా పెద్దగా నవ్వాడు. ఆయన అక్కకి మాత్రం కోపం వచ్చింది. "మా అమ్మ చెయ్యి పడిపోవడం ఏంటండీ? పోయే ముందు వారం కూడా మా ఆయన చొక్కాకి గుండీ కుట్టి ఇచ్చింది," అంది. ఆ గుండీ కుట్టింది వెనకగదిలో కోడలని ఆవిడకి తెలీదు.

గుమ్మం దగ్గర కెమెరా పట్టుకుని నిలబడ్డ మనవరాలు తల్లి వైపు చూసింది. కోడలు నేల మీద ఉన్న తొమ్మిది బుట్టలనీ వంగి ఒక్కొక్కటే తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, వంటింట్లోకి పట్టుకెళ్లిపోయింది.

మేడమ్ వెళ్లాక మనవరాలు వంటింట్లోకి వచ్చింది. కోడలు కప్పులు కడుగుతోంది. బుట్టల దొంతర నీళ్ల బిందె పక్కన ఉంది.

"ఎందుకు ఊరుకున్నావమ్మా?"

"ఏం చెయ్యమంటావు?"

"నువ్వు అల్లావని చెప్పు. నానమ్మకి చూపు పోయిందని చెప్పు. ఏడేళ్లూ చూపున్న మనిషిలా ఊరందరి ముందూ నాటకమాడింది, నువ్వు అల్లింది ఒళ్లో పెట్టుకుని కూర్చుందని చెప్పు."

కోడలు కప్పు బోర్లించింది. "చెప్పి? ఆ మేడమ్ బాగోలేవన్నవి చూపించి, ఇవి నావండీ అని చెప్పాలా? బాగున్నవాటిని ఎవరన్నా కొట్టేస్తే దెబ్బలాడొచ్చు. బాగోనివాటి కోసం దెబ్బలాడేవాళ్లుంటారా?"

కూతురు చూపు కిందికి దిగింది. తల్లి చేతులు తడిగా, వెలుగులో ఉన్నాయి. కుడిచేతి వేళ్ల కణుపుల మీద తెల్లటి చిన్న చిన్న మచ్చలు, ఎవరో పెన్నుతో చుక్కలు పెట్టినట్టు వరసగా ఉన్నాయి.

అవి దబ్బనం దెబ్బలు. అల్లిక సందు విప్పడానికి వాడే మొద్దుపాటి ఇనప సూది అది. మధ్యాహ్నం వంట సర్దుకున్నాక అత్తాకోడళ్లిద్దరూ వెనకగదిలో ఎదురుబొదురుగా కూర్చునేవారు. నానబెట్టిన బెత్తపు చీలికలు కోడలి ఒళ్లో, దబ్బనం అత్త చేతిలో. ముసలావిడ వేళ్లు ఎప్పుడూ కోడలి వేళ్ల మీదే ఉండేవి. చీలిక ఒక్క వెంట్రుకవాసి జారితే చాలు, వేళ్లకి తెలిసిపోయేది. దబ్బనం పిడితో ఒకటి పడేది. పిడితో కొడితే ఎర్రబడేది. మరీ కోపమొస్తే మొనతో గుచ్చేది. "విప్పు," అనేది. ఎప్పుడూ అరిచేది కాదు. "విప్పు. మళ్లీ మొదలెట్టు. చెయ్యా, చీపురా అది?"

కొత్త చీలిక తీసుకోనిచ్చేది కాదు. విప్పిన చీలికతోనే మళ్లీ అల్లాలి. ఒకసారి వంగిన బెత్తం రెండోసారి అక్కడే వంగుతుంది, మూడోసారి చిట్లుతుంది. చిట్లితే మళ్లీ దెబ్బ. ఆ తొమ్మిదింట్లో ఐదుసార్లకి తక్కువ విప్పింది ఒక్కటీ లేదు.

"నువ్వే కదమ్మా ఆవిడకి తిండి పెట్టావు, స్నానం చేయించావు," అంది కూతురు. "దబ్బనం లాక్కుని అవతల పారెయ్యలేకపోయావా?"

"ఒకసారి దాచాను. దువ్వెనతో కొట్టింది."

అది నవ్వొచ్చే మాటే. ఇద్దరూ నవ్వలేదు.

కొడుకు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకి పిండిమరలో ఉండి ఉండి చెవి మందగించింది గాని, కొన్ని మాటలు మాత్రం ఏ మూల ఉన్నా వినిపిస్తాయి.

"ఇద్దరికీ చెబుతున్నా. ఎవరూ నోరెత్తొద్దు. చూపు సంగతి ఎవరికీ తెలియకూడదని అమ్మ నా చేత ఒట్టేయించుకుంది."

"ఆవిడ పోయింది నాన్నా," అంది కూతురు.

"పోతే మాట కూడా పోతుందా? రేప్పొద్దున ఆ గది ముందు నా తల్లి పేరు రాసుంటుంది. ఊరు ఊరంతా వస్తుంది." భార్య వైపు తిరిగాడు. "అయినా నీకేం తక్కువైంది ఈ ఇంట్లో? చెప్పు. ఏం తక్కువ చేసింది?"

కోడలు చేతులు తుడుచుకుంది. "ఏమీ లేదండీ," అంది.

ఆ మర్నాడంతా ఆవిడ ముప్ఫై రెండు బుట్టలనీ తుడుస్తూ కూర్చుంది. వ్యాన్ ఎల్లుండి వస్తుందన్నారు. మెత్తటి గుడ్డ నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఒక్కో వరస తుడిచి, నీడలో ఆరబెట్టింది. ఈ పని పెళ్లయి వచ్చినప్పటినుంచీ చేస్తూనే ఉంది గాని, ఎప్పుడూ వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు భయంభయంగా చేసేది. ఇవాళ మొదటిసారి తీరిగ్గా చూసింది.

ఎంత బాగున్నాయో! మూతపెట్టె ఒకటుంది, మూత పెడితే ఎక్కడ అతుకో కనపడదు. పిడి బుట్ట ఒకటుంది, చీలికలు పిడిలోంచి బుట్టలోకి నీళ్లు దిగినట్టు దిగుతాయి. సన్న బెత్తాన్ని ఇంకా సన్నగా చీల్చి, పొయ్యి మసితో నల్లబరిచి, బుట్ట చుట్టూ చిన్న చిన్న పిట్టలు వచ్చేలా అల్లినది ఒకటుంది. పిట్టలన్నీ ఒక వైపే ఎగురుతుంటాయి. ఒక్కటి మాత్రం వెనక్కి తిరిగి చూస్తుంటుంది. ఆ ఒక్కదాన్ని అలా ఎందుకు అల్లిందో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పే మనిషీ కాదు.

ఇది అల్లిన చేతులూ, తన వేళ్ల మీద గుచ్చిన చేతులూ ఒకటేనా అనుకుంది. ఒకటే. అదే కోడలికి మింగుడు పడలేదు. ఊరికే చెడ్డమనిషై ఉంటే తిట్టుకుని మరిచిపోవచ్చు. ఈ పిట్టని ఇలా వెనక్కి తిప్పిన మనిషికి, ఎదురుగా కూర్చున్నదాని నొప్పి తెలియక కాదు. తెలిసే గుచ్చింది.

వ్యాన్ వచ్చిన రోజు కొడుకు మరకి వెళ్లాడు. మనవరాలు ముందురోజే పట్నం వెళ్లిపోయింది. డ్రైవరు అట్టపెట్టెలు దించాడు. మేడమ్ దగ్గరుండి ఒక్కో బుట్టకీ కాగితాలు చుట్టించింది. అంతా ఎక్కించాక, కోడలు లోపలికెళ్లి ఆ తొమ్మిది బుట్టల దొంతరా తెచ్చి వ్యాన్ మెట్టు మీద పెట్టింది.

"ఇవీ తీసుకెళ్లండి."

"వద్దమ్మా, చెప్పాను కదా. ఇవి పెడితే ఆవిడ పేరుకే మచ్చ."

"ఆవిడవే కదండీ. ఆవిడ జీవితమంతా చూపిస్తామని అన్నారు. చివర ఎలా అయిందో కూడా చూపించండి."

మేడమ్ ఆవిడ ముఖంలోకి చూసింది. కోడలు చేతులు ఒకదానిలో ఒకటి దాచుకుని, చాలా మామూలుగా, పాలవాడికి లెక్క చెప్పినట్టు చెప్పింది.

"ఆవిడకి చూపు పోయింది. ఏడేళ్లు. ఇంత కూడా కనపడేది కాదు. ఎవరికీ తెలియకూడదని ఒట్లు పెట్టించుకుంది. మనుషులొస్తే అడుగుల చప్పుడుని బట్టి పేరు పెట్టి పలకరించేది. మా ఆడపడుచుకి కూడా తెలీదు."

"అయ్యో," అంది మేడమ్. "అయితే చూపు లేకుండానే ఇవి..."

"అందుకే అలా ఉన్నాయి."

ఒక్క వరస అల్లినంత సేపు కూడా పట్టలేదు ఆ అబద్ధం చెప్పడానికి. అత్త తప్పు అల్లిక ఒక్కటి కూడా గుమ్మం దాటనివ్వని మనిషి. ఎవరైనా చూసి నవ్వుతారని, తన బుట్టల్లో చిన్న వంకరున్నదాన్ని పొయ్యిలో పెట్టేసిన మనిషి. ఇప్పుడు ఈ తొమ్మిది వంకరలూ ఆవిడ పేరు కింద, అద్దాల గదిలో, వచ్చేపోయేవాళ్లు చూసి అయ్యో పాపం చెయ్యి పడిపోయింది అనుకునేలా ఉండిపోతాయి. ఎన్నేళ్లైనా ఉంటాయి. విప్పమనడానికి ఆవిడ లేదు.

మేడమ్ తొడుగులు మళ్లీ వేసుకుంది. ఆ తొమ్మిదింటినీ తనే స్వయంగా కాగితంలో చుట్టింది. మిగతావాటికన్నా మెల్లిగా చుట్టింది. కోడలు అది గమనించలేదు. వ్యాన్ సందు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి, ఒక గ్లాసు చల్లటి నీళ్లు తాగింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

చూపు సంగతి రెండు రోజుల్లో ఊరంతా పాకింది. వ్యాన్ డ్రైవరు టీ కొట్టులో అన్నాడట. ఆడపడుచు చెప్పులు కూడా విడవకుండా ఇంట్లోకి వచ్చేసింది.

"మా అమ్మ గుడ్డిదని ఊరంతా చాటావా? కన్నకూతుర్ని, నాకే చెప్పలేదే! ఎవరో డ్రైవరు చెబితే తెలుసుకోవాల్సొచ్చింది నాకు!"

"ఆవిడే చెప్పొద్దన్నారు వదినా."

"చెప్పొద్దంటే పోయాక చెప్పావా? బతికున్నప్పుడు చెబితే నేను చూసుకునేదాన్ని కదా!"

ఏడేళ్లలో ఆవిడ తల్లి గదిలో పావుగంట మించి కూర్చున్న రోజు లేదు. కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆడపడుచు నీళ్లు తాగి, కాసేపు ఏడ్చి, "నా అడుగుల చప్పుడు గుర్తుపట్టేదే పిచ్చి తల్లి," అంటూ వెళ్లిపోయింది.

కొడుకు సాయంత్రం పిండి దులుపుకుంటూ వచ్చాడు. కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, అన్నం ముట్టుకోలేదు.

"పోనీ అవి నువ్వే అల్లావని చెప్పి ఉంటే నీ మీద ఇంత కోపం వచ్చేది కాదు," అన్నాడు. "అది నిజం, చెప్పుకున్నావు అనుకునేవాణ్ని. నువ్వు నిజం సగమే చెప్పావు. ఏ సగం చెబితే అమ్మ పరువు పోతుందో ఆ సగం ఏరి మరీ చెప్పావు. ఊళ్లోవాళ్లకి తెలీదేమో గాని నాకు తెలుసు."

కోడలు అన్నం గిన్నె మీద మూత పెట్టింది. ముప్ఫై ఏళ్లలో ఈయన తన లోపల ఏముందో చూడగలిగింది ఇదే మొదటిసారి అనుకుంది.

"తెలిస్తే మంచిదే," అంది.

"ఎంత కక్ష పెట్టుకున్నావే."

"ఏడేళ్లదండీ. ఒక్కరోజులో పోగైంది కాదు."

ఆయన కంచం పక్కకి తోసి లేచాడు. ఆ తరవాత ఆదివారం దాకా ఆవిడతో మాట్లాడలేదు. కావలసింది ఉంటే గోడకి చెప్పేవాడు. "మరకి టైమైంది," అని గోడతో అంటే, ఆవిడ చొక్కా తెచ్చి ఇచ్చేది.

ఆదివారం పొద్దున గది తెరుస్తున్నారని భార్యాభర్తలూ, ఆడపడుచూ ముగ్గురూ బస్సులో పట్నం వెళ్లారు. మనవరాలు మ్యూజియం మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. ఎందుకో ముఖం వాడిపోయి ఉంది. "అమ్మా, లోపలికెళ్లే ముందు ఒక మాట," అంది. ఈలోపు మేడమ్ గబగబా వచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు ఆ రోజు చెప్పకపోయి ఉంటే ఎంత పొరపాటు జరిగేదో! రండి, రండి."

గది పెద్దదే. ముప్ఫై రెండు బుట్టలూ గోడలకి బిగించిన అరల మీద, అద్దాల వెనక ఉన్నాయి. వాటి ముందు ఎవరూ లేరు. మనుషులంతా గది మధ్యలో గుమిగూడి ఉన్నారు. అక్కడ గుండ్రటి బల్ల మీద, పైనుంచి పడే దీపం వెలుగులో, తొమ్మిది బుట్టలూ ఉన్నాయి. అద్దం లేదు. పైన పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది: 'చూపు లేని వేళ్లు అల్లినవి. కళ్లు మూసుకుని ముట్టుకోండి.'

జనం నిజంగానే కళ్లు మూసుకుని ముట్టుకుంటున్నారు. కళ్లద్దాల పెద్దాయన ఒకడు అద్దాలు తీసి జేబులో పెట్టుకుని మరీ తడుముతున్నాడు. ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని వంకరపోయిన అంచు మీద తిప్పి, "చూశావా? కనపడకపోయినా మానలేదు. నువ్వు లెక్కలు రావని పుస్తకం విసిరేస్తావు," అంటోంది. ఇంకొకామె ఏడుస్తోంది.

కోడలి కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

అవతల ఆడపడుచు నలుగురిని చుట్టూ పోగేసుకుంది. "నాకు ముందునుంచీ తెలుసండీ, అమ్మ నాకొక్కదానికే చెప్పింది. నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకే తల్లీ అంది," అని చెబుతోంది. ఆవిడ కళ్లలో నీళ్లు అబద్ధపు నీళ్లు కావు. ఈ నాలుగు రోజుల్లో ఆవిడ దాన్ని నమ్మేసింది.

కొడుకుని మైకు దగ్గరికి పిలిచారు. ముందు తడబడ్డాడు. కాగితంలో రాసుకున్నది రెండు వాక్యాలు చదివాడు. తరవాత బల్ల చుట్టూ నిలబడ్డ జనాన్ని చూశాడు. కాగితం మడిచేశాడు.

"మా అమ్మ చీకట్లో కూర్చుని అల్లేదండీ," అన్నాడు. "మేం దీపం పెడతామంటే, నాకెందుకురా అని నవ్వేది. వేళ్లు చిట్లి నెత్తురొచ్చేది. ఊరుకోమ్మా అంటే వినేది కాదు. విప్పేది, మళ్లీ అల్లేది. విప్పేది, మళ్లీ అల్లేది." అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కిందకి దిగి భార్య పక్కకొచ్చి నిలబడి, నాలుగు రోజుల తరవాత మొదటిసారి ఆవిడతో మాట్లాడాడు. "మంచిదే అయింది చూడు," అన్నాడు చిన్నగా. "నువ్వనుకున్నది ఒకటి, అయింది ఒకటి. అమ్మ అంత తేలిగ్గా పడిపోయే మనిషా!"

కోడలు జనంలోంచి తోసుకుంటూ బల్ల దగ్గరికి నడిచింది. ఏడుస్తున్న ఆమె ఏడో బుట్ట పట్టుకుని ఉంది. అది అల్లేటప్పుడు కోడలికి నాలుగు రోజులు జ్వరం. జ్వరంలోనే అత్త కూర్చోబెట్టింది.

"అది నేను అల్లానండీ," అంది కోడలు.

ఆమె కళ్లు తెరిచి, తుడుచుకుని, నవ్వింది. "మీరు కోడలు గారా? అదృష్టవంతులండీ. అవునవును, మీ ఇంటివేగా అన్నీ."

"మా ఇంటివని కాదు. నేను అల్లాను. నా చేత్తో. ఈ తొమ్మిదీ నేనే అల్లాను."

ఈసారి గొంతు పెద్దదైంది. పక్కవాళ్లు తిరిగి చూశారు. కొడుకు ఒక్క అంగలో వచ్చి ఆవిడ భుజం పట్టుకున్నాడు. "రెండు నెలలుగా ఈవిడకి మనసు బాగోలేదండీ. అత్తగారంటే ప్రాణం," అన్నాడు. ఆడపడుచు అయ్యో అయ్యో అంటూ వచ్చింది. మనవరాలు మధ్యలోకి దూరింది. "నిజమే చెబుతోంది. నేను చూశాను. అమ్మే అల్లింది," అంది. తండ్రి కూతురి వైపు చూసిన చూపుకి పక్కనున్న పెద్దాయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

మేడమ్ వచ్చింది. అందరి మాటా విన్నది. ఆవిడ కోప్పడలేదు. నిజం తేల్చుకునేదాకా నిద్రపట్టని మనిషి ఆవిడ.

"గొడవెందుకు? చెయ్యి అబద్ధం చెప్పదు," అంది. "అక్కడ పిల్లలకి నేర్పడానికి బెత్తం నానబెట్టి ఉంచాం. కూర్చుని నాలుగు వరసలు అల్లండమ్మా. నేను చూసి చెబుతాను."

కిటికీ పక్కన పొట్టి స్టూలు, నీళ్ల తొట్టి, అడుగు మాత్రం అల్లి ఉంచిన బుట్ట ఒకటి ఉన్నాయి. కోడలు కూర్చుంది. చుట్టూ జనం మూగారు. తొట్టిలో చెయ్యి పెట్టి చీలిక తీసింది. కొత్త చీలిక. ఎక్కడా వంగనిది, ఎవరూ విప్పనిది. తడికి మెత్తగా, చేపలా జారుతోంది.

మొదటి వరస వేసింది. అలవాటు కొద్దీ భుజాలు బిగుసుకున్నాయి, దెబ్బ కోసం చెయ్యి ఎదురుచూసింది. ఏదీ పడలేదు. వేళ్ల మీద వేళ్లు లేవు. గాలి తగులుతోంది, అంతే. ఒకటి వదిలి ఒకటి, పైనుంచి, కిందనుంచి. రెండో వరస. చీలిక ఎంత లాగాలో చేతికే తెలుస్తోంది. మూడో వరసకి జనాన్ని మరిచిపోయింది. మేడమ్ నాలుగన్నది, ఆవిడ ఏడు వరసలు వేసింది. చీలిక చివర దగ్గర కొత్తది జోడించి, అతుకు కనపడకుండా లోపలికి మడిచింది. అది ఏడేళ్లలో ఒక్కసారీ సరిగ్గా కుదిరింది కాదు.

మేడమ్ ఆ బుట్ట తీసుకుని అంచు మీద బొటనవేలు ఆనించి తిప్పింది. వేలు ఎక్కడా తట్టుకోలేదు. కిటికీకేసి ఎత్తి పట్టుకుంది. వెలుగు సన్నటి జల్లెడలోంచి పడ్డట్టు సమంగా పడింది. తరవాత ఏడో బుట్ట తెప్పించి దీని పక్కన పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"లేదమ్మా," అంది చివరికి. చాలా మెత్తగా అంది. "ఈ చెయ్యి వేరు, ఆ చెయ్యి వేరు. ఇంత బాగా అల్లే మనిషి అవి అల్లదు. అల్లాలనుకున్నా అలా రావు."

కొడుకు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆడపడుచు, "పాపం, అత్త మీద బెంగ," అని పక్కామెతో అంది. జనం మెల్లిగా బల్ల వైపు మళ్లిపోయారు. మనవరాలు గోడకి ఆనుకుని, కెమెరా పొట్టకి అదుముకుని నిలబడింది.

మేడమ్ మాత్రం కదల్లేదు. స్టూలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ ఏడు వరసలూ మళ్లీ తడిమింది.

"ఇంత పనితనం చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లు ఊరుకున్నారా? మీకు ఇంత బాగా వచ్చని మీ అత్తగారికి తెలుసా?"

"తెలీదండీ," అంది కోడలు. తన చేతుల వైపు చూసుకుంది. "నాకూ తెలీదు."

బల్ల దగ్గర ఎవరో కళ్లు మూసుకుని తొమ్మిదో బుట్ట తడుముతూ, "అబ్బా, ఎంత నొప్పి పడి ఉంటాయో ఈ వేళ్లు," అన్నారు.

మేడమ్ చేతిలోంచి బుట్ట తీసుకుని ఒళ్లో పెట్టుకుంది కోడలు. తొట్టిలోంచి ఇంకో చీలిక తీసి, నీళ్లు దులిపి, ఎనిమిదో వరస మొదలుపెట్టింది.